మాపుకర్ర కొలత

జహ్రాలో ఈ ఇంటికొచ్చి నాలుగేండ్లు.
ఇంటామెను మామా అని పిలవాల.
మా కోడూరు పక్క మామంటే మీసాలుండాల,
మొదటి నెలంతా నవ్వాపుకోలేక సచ్చినా.

మొన్న వెనక సందులో ఏసీ రాగితీగలు కోసకపోయినారు.
ఆ వారమే ఎదురింటి గ్యాసుబండ.
అల్లుళ్ళు ఫోన్లో ధైర్యం చెప్పినారు, ఎవురూ రాలేదు.
మామా నూరియా పోలీసుల కాడ కాగితం తెచ్చుకోని,
పింఛను డబ్బు నూటయాభై దినార్లు
చేతిగుడ్డలో ముడేసి
"రత్నా, అబాయా ఏసుకో" అనింది.

అంగట్లో తుపాకులు
పెండ్లివాళ్ళకు చూపించే పట్టుచీరల మాదిరి గోడ నిండా.
ఇటలీది రెండు గొట్టాలు, చెక్క మీద చెక్కిన పావురాయి.
ఆరునూర్లు.
మామా చూసి, చూడనట్టు తల తిప్పుకునింది,
నేను బంగారంగడి ముందర నడిచినట్టు.
టర్కీది నూటముప్పై. నల్లది, ప్లాస్టిక్కు పిడి,
లాగితే కటకటమంటాది.
"ఆ శబ్దానికే దొంగ పారిపోతాడు"
అన్నాడు అమ్మేటాయన, సిరియా మనిషి.
"అయితే శబ్దమొక్కటే అమ్ము, ఎంత?" అనింది మామా.
మూలన ఒకరు వాడిన ఒంటిగొట్టంది, డెబ్భై.
తుప్పు లేదు, పిడికి సైకిల్ ట్యూబు చుట్టినారు.

నాకు తెలుసు.
మా చిన్నాయన ఓబులేసు అరటితోట కాడ
అడివిపందులకని నాటుతుపాకి పెట్టుకోనుండె.
పేల్చిన రాత్రంతా చిన్నమ్మ
ఆయన భుజానికి ఉప్పు కాపడం పెడతాండె.
బరువుండేది కుదురుగా ఉంటాది,
తేలికది గాడిద మాదిరి తంతాది.
చెప్పాలని నోటిదాకా వచ్చింది.
పనిమనిషికి తుపాకి సంగతి తెలుసంటే
ఆ రాత్రి నుంచి నన్ను చూసే చూపేమవుతాదో.
మింగేసినా.

పిడి పొడుగెక్కువేమోనని అనుమానం.
ఆమె భుజం కీలు అరిగింది, చెయ్యి లేవదు.
"ఈ పిల్ల చెయ్యీ నా చెయ్యీ ఒకటే, దీనికిచ్చి చూడు" అనింది.
సిరియా ఆయన తుపాకిని ఎదకు హత్తుకున్నాడు
చంటిబిడ్డను దిష్టికి దాచినట్టు.
"బయటి దేశపోళ్ళ చెయ్యి పడకూడదు హజ్జా,
నా అంగడి మూసేస్తారు."
కడాకు దారంతో కొలిచినాడు,
నా మోచేతి మడత నుంచి చూపుడువేలి దాకా.
దారానికి చట్టం లేదు.

టర్కీదే తెచ్చినాం, బేరమాడి నూటఇరవైరెండుకు.
తూటాల పెట్టె, నాలుగు కుబ్బూసులు, నాకొక షవర్మా,
మిగిలింది మళ్ళీ ముడి.
ఉప్పు కాపడానికి మెత్తని పాతగుడ్డ ఒకటి
ఎవురికీ చెప్పకుండా ఎత్తిపెట్టినా.

కాని దాన్ని పెట్టెలోంచి తియ్యను ఆమెకే భయం.
ఇషా నమాజయినాక
మాపుకర్ర భుజానికానించి మెట్ల పైన నిలబడతాది.
నేను దొంగ.
వంటింటి తలుపు తీసుకోని
చెప్పుల్లేకుండా ఎక్కి రావాల.
"నిలబడు!" అంటాది. నిలబడతా.
"కటకట", నోటితోనే.
నేను పారిపోవాల.
మొన్న పారిపోతా పారిపోతా నవ్వొచ్చి మెట్టు మీద కూలబడినా.
ఆమె కూడా కూలబడి, మాపుకర్ర ఒళ్ళో పెట్టుకోని
కండ్లు తుడుచుకునింది.
"నువ్వు దొంగతనానికి కూడా పనికిరావే" అనింది.

అసలుది బీరువా పై అరలో.
తాళంచెవి ఆమె మెడలో.
బట్టలు సర్దేటప్పుడు ఒక్కసారి చూసినా.
పెట్టె కింద నీలం అట్ట, అట్ట మీద సింహాలు.
నా పాసుపోర్టు.
నూటఇరవైరెండు దినార్ల కాపలా దానికి.

నా గది మేడ మీద, నీళ్ళ ట్యాంకీ పక్కన.
తలుపు గడియ ఊడి రెండేండ్లు.
ముక్కాలు దినారయితాది, అడగాల.
అంతదాకా,
ఆట అయినాక మాపుకర్ర నేనే పైకి తీసకపోతా.
తలుపుకు అడ్డం పెట్టుకోని పడుకుంటా.
తెల్లారితే మెట్లు తుడవాల దాంతోనే.